మోకాలికి చిన్న ఆపరేషన్: రక్తం పలచబడే బిళ్ళ ఆపాలా, కొనసాగించాలా, ఇంజెక్షన్లకి మారాలా?

విజయవాడ సూర్యారావుపేటలో గానీ, గుంటూరు కొత్తపేటలో గానీ ఏ ఎముకల ఆసుపత్రి వరండాలో కాసేపు కూర్చున్నా ఒక మాట చెవిన పడుతుంది: "రక్తం పలచబడే బిళ్ళ వాడుతున్నారా? అయితే ఐదు రోజుల ముందు ఆపేసి రండి." చెప్పేది కాంపౌండరు కావచ్చు, పక్క బెంచీ మీద పెద్దాయన కావచ్చు. రక్తం పలచబడే బిళ్ళలు చాలా రకాలు. ఈ ఐదు రోజుల లెక్క వాటిలో వార్ఫరిన్‌కీ, క్లోపిడోగ్రెల్‌కీ సరిపోతుంది. ప్రాసుగ్రెల్‌కి చాలదు, ఎసిట్రోమ్‌కి ఎక్కువ, ఎపిక్సాబాన్‌కి మరీ ఎక్కువ. స్టెంట్ వేయించుకున్నవాళ్ళ ఆస్పిరిన్‌కైతే అసలు వర్తించదు.

నేను మత్తు డాక్టరుని. ఈ మాత్రల గొడవ తిరిగి తిరిగి చివరికి మా దగ్గరికే వస్తుంది, అదీ చాలాసార్లు ఆపరేషన్ రోజు పొద్దున్నే. ఇక్కడ చెప్పేది చిన్న పనుల గురించే: మోకాలికి చిన్న గాట్లతో చేసే కీహోల్ ఆపరేషన్, కీలులో చేరిన నీరు తీయడం, కీలులోకి ఇంజెక్షన్, మణికట్టు దగ్గర నొక్కుకున్న నరం వదులు చేయడం, మడత పడి ఇరుక్కుపోయే వేలు సరిచేయడం. మోకాలి చిప్ప మార్పిడి, తుంటి మార్పిడి పెద్ద ఆపరేషన్లు, వాటి లెక్క వేరు.

నా మొగ్గు ముందే చెప్పేస్తాను. మోకాల్లో రక్తం చేరితే వాస్తుంది, నొప్పెడుతుంది, కీలు బిగుసుకుంటుంది, ఇన్ఫెక్షన్ భయం కూడా ఉంటుంది. అయినా చాలావరకు సూదితో తీసేయొచ్చు, కట్టు కట్టొచ్చు. మాత్ర ఆపిన రోజుల్లో స్టెంట్‌లోనో మెదడులోనో గడ్డ కడితే పోయింది తిరిగి రాకపోవచ్చు. రెండు పక్కలా ప్రమాదం ఉంది గానీ రెండూ ఒక తూకం కావు. అందుకని చిన్న ఆపరేషన్‌కి మాత్ర ఎంత తక్కువ రోజులు ఆగితే అంత మేలన్నది నా పక్షం. ఎన్ని రోజులన్నది మాత్రం మీ గుండె డాక్టరు, ఎముకల డాక్టరు, మత్తు డాక్టరు కలిసి చెప్పాలి. ఇది చదివి మీ అంతట మీరు ఒక్క పూట కూడా మానేయొద్దు.

ముందు ఏ బిళ్ళో తేలాలి

చాలామంది తెచ్చే స్ట్రిప్పు ఎలా ఉంటుందంటే, పది మాత్రల్లో నాలుగే మిగిలి ఉంటాయి, మందు పేరున్న భాగాన్ని షాపువాడు కత్తెరతో కత్తిరించి ఇంకెవరికో ఇచ్చేసి ఉంటాడు. వెనక రేకు మీద సగం అక్షరాలు, ఏదో బ్యాచ్ నంబరు. "ఎర్రది పొద్దున, తెల్లది రాత్రి" అని చెబుతారు. అలా చెబితే మాకు ఏమీ తెలిసినట్టు కాదు. పాత చీటీ, స్టెంట్ వేసినప్పుడు ఇచ్చిన డిశ్చార్జి కాగితం, వాల్వు కార్డు ఉంటే వాల్వు కార్డు, ఇవన్నీ ఒక కవరులో పెట్టి తీసుకెళ్ళండి.

ఈ మందులు రెండు కుటుంబాలు. ఒకటి ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చూసేది. డెంగ్యూ పుణ్యమా అని ప్లేట్‌లెట్లంటే ఇప్పుడు ఇంటింటా తెలుసు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, ప్రాసుగ్రెల్, టికాగ్రెలార్ ఈ కోవలోవి. స్టెంట్ పడినవాళ్ళకి, గుండెపోటు వచ్చినవాళ్ళకి, కొన్ని రకాల పక్షవాతం వచ్చినవాళ్ళకి ఇస్తారు. రెండోది రక్తం గడ్డకట్టే ప్రక్రియనే నెమ్మది చేసేది: పాతకాలం నుంచి ఉన్న వార్ఫరిన్, ఎసిట్రోమ్ పేరుతో మనకి బాగా తెలిసిన ఎసినోకుమరాల్, కొత్తగా వచ్చిన డాబిగాట్రాన్, రివరాక్సాబాన్, ఎపిక్సాబాన్. గుండె లయ తప్పినవాళ్ళకి, కాలి సిరల్లోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డ కట్టినవాళ్ళకి వీటిని ఇస్తారు. గుండెలో లోహపు వాల్వు ఉన్నవాళ్ళకి మాత్రం వార్ఫరిన్, ఎసిట్రోమ్ మాత్రమే. కొత్త మాత్రలు వాళ్ళకి పనికిరావు. డాబిగాట్రాన్‌ని లోహపు వాల్వు ఉన్నవాళ్ళలో పరీక్షించి చూస్తే గడ్డలూ ఎక్కువయ్యాయి, రక్తస్రావమూ ఎక్కువైంది, ఆ అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. "ఎలాగూ ఆపరేషన్ ఉంది కదా, ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచగా ఉందో చూసే పరీక్ష) గోల లేని కొత్త మాత్రకి మారిపోతాం" అనే వాల్వు పేషెంట్లకి ఈ సంగతి తెలియాలి.

ఇంకో తిరకాసు కలిపిన క్యాప్సూళ్ళతో. ఎకోస్ప్రిన్ ఏవీ అంటే ఆస్పిరిన్‌తో పాటు కొలెస్టరాల్ మందు అటార్వాస్టాటిన్ ఉంటుంది. ఎకోస్ప్రిన్ గోల్డ్ అంటే ఆ రెండూ కాక క్లోపిడోగ్రెల్ కూడా. "క్లోపిడోగ్రెల్ ఆపండి" అని డాక్టరు చెబితే ఇంట్లో గోల్డ్ క్యాప్సూలే ఆపేస్తారు. దాంతో ఆగకూడని ఆస్పిరిన్ ఆగిపోతుంది, కొలెస్టరాల్ మందూ ఆగిపోతుంది. స్టెంట్ ఉన్న మనిషికి ఇది ఆషామాషీ విషయం కాదు. అలాంటప్పుడు ఆ కొద్ది రోజులకి విడిగా ఆస్పిరిన్ 75, విడిగా స్టాటిన్ రాసిమ్మని అడగండి. చెప్పకపోయినా మీరే అడగండి.

మాత్ర ఆపకుండానే అయిపోయేవి

కీలులోంచి నీరు తీయడం, కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వడం: వీటికి మామూలుగా ఏ మందూ ఆపనక్కర్లేదు. వార్ఫరిన్, ఎసిట్రోమ్ వాడేవాళ్ళకి ఐఎన్‌ఆర్ తమకి ఉండాల్సిన హద్దులో ఉందని ఈమధ్యే చూసిన రిపోర్టు ఉంటే చాలు. సూది తీశాక ఐదు నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకోవాలి, కాస్త ఐసు పెట్టుకోవాలి. దీనికోసం వారం రోజులు మాత్ర మానేసి వచ్చినవాళ్ళని చూస్తే నాకు గుబులు పుడుతుంది. ఇరవై నిమిషాలు కూడా పట్టని పనికి వారం రోజుల ప్రమాదం.

మణికట్టు నరం, ఇరుక్కున్న వేలు లాంటి చేతి ఆపరేషన్లు అక్కడికక్కడ తిమ్మిరి ఇంజెక్షన్‌తో చేసేయొచ్చు. ఆస్పిరిన్ ఉన్నా పరవాలేదు. ఐఎన్‌ఆర్ హద్దులో ఉంటే వార్ఫరిన్ మీదే చేసే సర్జన్లు ఉన్నారు. చర్మం కింద రక్తం కమిలి నల్లబడొచ్చు, అది పదిహేను రోజుల ముచ్చట.

మోకాలి కీహోల్ ఆపరేషన్ మధ్యరకం. రెండు చిన్న గాట్లు, లోపల కెమెరా, తొడకి కట్టే పట్టీ. రక్తస్రావం విషయంలో దీన్ని తక్కువ నుంచి ఓ మోస్తరు ప్రమాదం ఉన్న ఆపరేషన్ల కింద లెక్కేస్తారు. ఇక్కడ ఆస్పిరిన్ కొనసాగించొచ్చు, మిగతా మందులు సాధారణంగా కొద్ది రోజులు ఆగాలి.

నిజంగా రోజులు లెక్కపెట్టేది వెన్నులో సూది

దీని గురించే మా వాళ్ళు పేషెంట్లకి చాలినంత చెప్పరు. మన దగ్గర మోకాలి కీహోల్ ఆపరేషన్లు ఎక్కువగా వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చి నడుము కింద తిమ్మిరి ఎక్కించి చేస్తారు. మోకాల్లో కారిన రక్తానికి చోటు ఉంటుంది. వెన్నుపాము చుట్టూ కారిన రక్తానికి చోటు ఉండదు, నరాలని నొక్కేస్తుంది, కాళ్ళు పడిపోవచ్చు. చాలా అరుదు, కానీ జరిగితే గంటల్లో ఆపరేషన్ చేసి ఆ రక్తం తీయాలి. అందుకే మోకాలికి ఒక్క రోజు ఆపితే చాలిన మందుని వెన్ను సూది కోసం మూడు రోజులు ఆపమంటాం.

శుక్రవారం పొద్దున ఆపరేషన్ అనుకోండి. ఎపిక్సాబాన్ గానీ రివరాక్సాబాన్ గానీ వాడుతున్నారు. పూర్తి మత్తు ఇచ్చో, తొడ నరాలకి మాత్రమే తిమ్మిరి ఇచ్చో చేస్తే బుధవారం రాత్రి ఆఖరి మాత్ర, గురువారం ఖాళీ, శుక్రవారం పొద్దున వేసుకోకూడదు, శనివారం మళ్ళీ మొదలు. ఈ పద్ధతిని 2019లో వెలువడిన పాజ్ అనే అధ్యయనం దాదాపు 3,000 మంది మీద పరీక్షించింది. వాళ్ళంతా గుండె లయ తప్పినవాళ్ళే. గడ్డలూ రక్తస్రావమూ రెండూ తక్కువగానే ఉన్నాయి, మాత్ర ఆపిన రోజుల్లో దాని బదులు వేసే హెపారిన్ (ఇదీ రక్తం గడ్డకట్టకుండా చూసే మందే) ఇంజెక్షన్లు అక్కర్లేకుండానే. అదే వెన్నులో సూది అయితే సాధారణ లెక్క 72 గంటలు: మంగళవారం పొద్దున వేసుకున్నదే ఆఖరిది.

డాబిగాట్రాన్ సంగతి ఇంకొంచెం పేచీ. అది చాలామటుకు మూత్రపిండాల గుండానే బయటికి పోతుంది. కిడ్నీ పని మందగించిన పెద్దవాళ్ళలో ఆపాల్సిన రోజులు రెట్టింపు అవుతాయి, వెన్ను సూదికైతే ఐదు రోజుల దాకా పోవచ్చు. ఈ మందు వాడేవాళ్ళు క్రియాటినిన్ రిపోర్టు లేకుండా తేదీ ఖాయం చేసుకోకండి.

వార్ఫరిన్ శరీరంలోంచి నెమ్మదిగా పోతుంది. అదే శుక్రవారం ఆపరేషన్‌కి ముందు శనివారం రాత్రి ఆఖరి మాత్ర, ఆదివారం నుంచి గురువారం దాకా ఐదు రోజులు ఖాళీ. ఎసిట్రోమ్ అంతకంటే త్వరగా దిగిపోతుంది, రెండు మూడు రోజులు చాలు. మన వాళ్ళు ఈ రెంటినీ ఒకే గాటన కట్టేసి ఎసిట్రోమ్‌ని కూడా ఐదారు రోజులు ఆపేస్తుంటారు. వాల్వు ఉన్నవాళ్ళకి ఆ అదనపు మూడు రోజులు వృథా ప్రమాదమే. ఏదైనా సరే గురువారం పీటీ-ఐఎన్‌ఆర్ చూపించండి. లబ్బీపేటలో ఏ ల్యాబుకెళ్ళినా అదే రోజు రిపోర్టు ఇస్తారు, శుక్రవారం పొద్దున టెన్షన్ తప్పుతుంది.

క్లోపిడోగ్రెల్ ఐదు రోజులు, వెన్ను సూదికి ఐదు నుంచి ఏడు. ప్రాసుగ్రెల్ కనీసం ఏడు. టికాగ్రెలార్ మూడు నుంచి ఐదు, వెన్ను సూదికి ఐదు నుంచి ఏడు. ఆస్పిరిన్ ఒక్కదాని కోసం వెన్ను సూది మానుకోనక్కర్లేదు.

ఇక్కడ ఎంపిక మీ చేతిలో కూడా కొంత ఉంది. మొన్న తెనాలి నుంచి ఒకాయన వాళ్ళ అమ్మగారిని తీసుకొచ్చాడు, లయ తప్పిన గుండె, ఒకసారి పక్షవాతం కూడా వచ్చి తగ్గింది. "సార్, మూడు రోజులు ఆపడం మాకు భయంగా ఉంది" అన్నాడు. "వెన్నులో సూది లేకుండా చేద్దాం బాబూ, తొడ దగ్గర తిమ్మిరి ఇచ్చి పైన కాస్త మత్తు ఇస్తే ఒక్క రోజుతో పోతుంది" అన్నాను. ఆవిడ మాత్రం, "నాకు పూర్తిగా మత్తు ఇచ్చేయ్ నాయనా, ఆ రంపం చప్పుడు వినలేను" అంది. కీహోల్‌లో రంపం ఉండదని చెప్పినా నమ్మలేదు. ఆస్తమా ఉన్నవాళ్ళకి, ఊపిరితిత్తులు బాగోలేనివాళ్ళకి పూర్తి మత్తు ఇబ్బందే, అందరికీ ఒకే దారి కుదరదు. కానీ ప్రశ్న అడగొచ్చు: "వెన్ను సూది కాకుండా వేరేలా చేస్తే ఎన్ని రోజులు ఆపాలి?" ఎముకల డాక్టరుని కాదు, మత్తు డాక్టరుని అడగాలి. అదీ ఆపరేషన్‌కి వారం ముందే.

మధ్యలో హెపారిన్ ఇంజెక్షన్లు: ఎవరికి

వార్ఫరిన్ ఆపిన రోజుల్లో పొట్ట చర్మం కింద ఎనాక్సాపారిన్ అనే ఒక రకం హెపారిన్ ఇంజెక్షన్ రోజుకి రెండుసార్లు వేసుకోవడం ఒకప్పుడు అందరికీ చెప్పేవాళ్ళు. ఖర్చు, పొద్దునా సాయంత్రం ఎవరో ఒకరు వచ్చి పొడవడం, పొట్టంతా నీలిమచ్చలు. గుండె లయ తప్పినవాళ్ళలో ఇది నిజంగా పనికొస్తుందా అని 2015లో బ్రిడ్జ్ అధ్యయనం 1,884 మంది మీద తేల్చింది. ఇంజెక్షన్లు లేనివాళ్ళలో గడ్డ కట్టింది వెయ్యికి 4 మందికి, ఇంజెక్షన్లు వేసుకున్నవాళ్ళలో వెయ్యికి 3. దాదాపు ఒకటే. పెద్ద రక్తస్రావం మాత్రం లేనివాళ్ళలో వెయ్యికి 13, వేసుకున్నవాళ్ళలో 32. అంటే గుండె లయ తప్పిన చాలామందికి ఈ ఇంజెక్షన్లు డబ్బు పెట్టి కొనుక్కున్న రక్తస్రావమే.

కొత్త మాత్రలు వాడేవాళ్ళకైతే ఈ ఊసే అక్కర్లేదు, అవి దిగడమూ ఎక్కడమూ గంటల్లోనే. అయినా ఎపిక్సాబాన్ ఆపి హెపారిన్ రాసిన చీటీలు ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నాయి. ఎందుకని మర్యాదగా అడగండి.

ఇంజెక్షన్ల అవసరం మిగిలింది కొద్దిమందికి. గుండె ఎడమ పక్క రెండు గదుల మధ్య, అంటే మైట్రల్ స్థానంలో, లోహపు వాల్వు ఉన్నవాళ్ళు వీళ్ళలో ముందుంటారు. చిన్నప్పుడు కీళ్ళవాతం జ్వరం వచ్చి వాల్వు పాడై ముప్ఫై నలభై ఏళ్ళకే ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్ళు మన ఊళ్ళల్లో తక్కువేం కాదు. బ్రిడ్జ్ అధ్యయనంలో లోహపు వాల్వు వాళ్ళని చేర్చలేదు, కాబట్టి ఆ అంకెలు చూపించి వీళ్ళకి ఇంజెక్షన్ వద్దనడం కుదరదు. గుండె డాక్టరు మాటే ఫైనల్. పూర్తి మోతాదు ఎనాక్సాపారిన్ వేసుకుంటుంటే ఆఖరి ఇంజెక్షన్‌కీ ఆపరేషన్‌కీ మధ్య 24 గంటలు ఉండాలి. కిడ్నీ బాగోలేకపోతే మోతాదు తగ్గించాలి.

వాయిదా కూడా ఒక ఎంపికే

గుండెపోటు వచ్చి స్టెంట్ పడి ఏడాది కాకపోతే, లేదా పోటు రాకుండానే స్టెంట్ వేయించుకుని ఆరు నెలలు కాకపోతే, మోకాలి కీహోల్ కోసం క్లోపిడోగ్రెల్ ఆపే ఆలోచన మానుకోండి. పక్షవాతం వచ్చిగానీ, కాలి సిరలో గడ్డ కట్టిగానీ మూడు నెలలు కాకపోయినా అంతే. మోకాలు అన్నాళ్ళూ ఆగుతుంది. ఒక్క మినహాయింపు: కీలులో చీము. జ్వరం, ఎర్రగా వాచి ముట్టుకోనివ్వని మోకాలు ఉంటే రక్తం పలచనా చిక్కనా అని కూర్చోకూడదు, ఆ రోజే వెళ్ళాలి. మిగతాది ఆసుపత్రి చూసుకుంటుంది.

ఇంకో ఎంపిక గురించి ఎముకల డాక్టరు మిత్రులు నా మీద అలిగినా రాస్తాను. వయసుతో అరిగిన మోకాలికి "లోపల కాస్త శుభ్రం చేస్తాం" అని చేసే కీహోల్ ఆపరేషన్‌ని అలాంటి దాదాపు ఎవరికీ చేయొద్దని 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మార్గదర్శకం గట్టిగానే చెప్పింది. ఫిజియోథెరపీ, బరువు తగ్గడం కంటే అది పెద్దగా ఒరగబెట్టేది లేదు. అరవై దాటి, అరిగిన మోకాలితో, రక్తం పలచన చేసే మందు వాడుతున్న మనిషికి ఆ ఆపరేషన్ రాస్తే, "మాత్ర ఎన్ని రోజులు ఆపాలి" కంటే ముందు "ఇది అవసరమా" అని అడగండి. ఆటలో మోకాలు మెలిపడి లోపలి గుజ్జు చిరిగి కాలు చాపలేకుండా ఇరుక్కుపోయిన కుర్రాడి కేసు వేరు.

ఇంటికొచ్చాక

చెడేది ఎక్కువగా ఇక్కడే. ఆపమన్న తేదీ అందరికీ గుర్తుంటుంది, మళ్ళీ మొదలుపెట్టమన్న తేదీ కాగితం మీద ఉండదు. "పాత మందులు వాడండి" అని ఒక ముక్క రాసి పంపిస్తారు. నందిగామలో ఇంటికి చేరాక ఏ పాత మందులో ఎవరికీ తెలియదు. డిశ్చార్జి రోజున మందు పేరు, మోతాదు, మొదలుపెట్టాల్సిన తేదీ, పూట రాయించుకోండి. వార్ఫరిన్, ఎసిట్రోమ్ సాధారణంగా ఆ రాత్రో మర్నాడో పాత మోతాదులోనే మొదలవుతాయి. పోయిన రోజులు కలిపి రెండేసి వేసుకోకూడదు. ఐఎన్‌ఆర్ పూర్వస్థితికి రావడానికి కొన్ని రోజులు పడుతుంది, వారంలోపు ఒకసారి చూపించుకోండి.

నొప్పికి పారాసిటమాల్‌తో గడపడానికి చూడండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి రక్తం పలచన మందుతో కలిస్తే పొట్టలో పుండు, రక్తస్రావం. మెట్రోనిడజోల్, సిప్రోఫ్లాక్సాసిన్, కోట్రైమాక్సజోల్ లాంటి యాంటీబయాటిక్స్ వార్ఫరిన్ పనిని పెంచేస్తాయి, అవి రాస్తే ఐఎన్‌ఆర్ ఇంకా ముందే చూపించాలి. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు ప్రేమగా పిర్రకి వేసే నొప్పి ఇంజెక్షన్‌కి గట్టిగా వద్దని చెప్పండి. ఎసిట్రోమ్ మీద ఉన్న మనిషికి కండరంలో సూది గుచ్చితే పిడికెడు రక్తపు గడ్డ కట్టొచ్చు, అది మోకాలి నొప్పిని మరిపిస్తుంది. ఆకుకూరల సంగతికొస్తే, పాలకూర, తోటకూర మానేయక్కర్లేదు. ఎప్పుడూ తినేంత తినండి. ఒక వారం అసలు తినకుండా, మరో వారం మూడు పూటలా తింటే ఐఎన్‌ఆర్ అటూ ఇటూ ఊగుతుంది.

మోకాలు కొద్ది గంటల్లో బిగుసుకుని నున్నగా మెరుస్తూ వాస్తే, కట్టు తడిసి ఆగకుండా కారుతుంటే, పిక్క వాచి నొప్పెడితే ఆపరేషన్ చేసిన చోటికి ఫోన్ చేయండి. వెన్ను సూది తర్వాత తిమ్మిరి దిగి మళ్ళీ ఎక్కుతున్నట్టున్నా, నడుము నొప్పితో కాళ్ళు బరువెక్కినా, మూత్రం రాకపోయినా తెల్లారేదాకా ఆగకండి. మూతి వంకరపోయినా, చేయి లేవకపోయినా, మాట తడబడినా 108. మెదడులో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సమయం సాధారణంగా నాలుగున్నర గంటలే. ఆ ఇంజెక్షన్ ఇవ్వొచ్చా లేదా తేల్చడానికి ఏ మాత్ర, ఆఖరుసారి ఏ రోజు ఏ పూట వేసుకున్నారో అక్కడ తప్పకుండా అడుగుతారు, డిశ్చార్జి రోజు రాయించుకున్న కాగితం జేబులో పెట్టుకునే అంబులెన్స్ ఎక్కండి.